బల్ల పైన, బల్ల కింద

పాఠ్యాంశ ప్రవేశం

నమూనా రైళ్లను నిర్మించే అభిరుచి గలవారు ఒక సంఘంగా ఏర్పడి, నియమిత దినాలలో కలుసుకొని పనిచేయడం ఇంగ్లండులో నూరేళ్లకు పైబడిన ఆచారం. అమెరికాలోనూ అది చాలాకాలంగా ఉన్నది. ఆ సమావేశాలలో జరిగే పని ఎటువంటిదో, అందులో ఇమిడిన లెక్క ఏమిటో, అటువంటి ఒక గది నుండి కంప్యూటరు లోకానికి చేరిన మాట ఏదో ఈ పాఠ్యాంశం తెలుపుతుంది.

* * *

హైదరాబాదు నగరంలో అమీర్‌పేట మైత్రీవనం కూడలికి ఒక ప్రత్యేకత ఉన్నది. ఆ పరిసరాలలోని భవనాల మీద అంతస్తు అంతస్తుకూ కంప్యూటరు శిక్షణ కేంద్రాల బోర్డులే. జిల్లాల నుండి వచ్చి, ఇరుకు గదులలో అద్దెకుంటూ, అక్కడ నాలుగు నెలలో ఆరు నెలలో చదివి ఉద్యోగాలు సంపాదించినవారు వేల సంఖ్యలో ఉన్నారు. వారు నిత్యం వినే మాటలలో ‘హ్యాకర్’ అన్నది ఒకటి. బ్యాంకు ఖాతాలను కొల్లగొట్టే దొంగకు పత్రికలవారు ఆ పేరు పెట్టారు. పుట్టుకలో మాత్రం అది ప్రశంసా వాచకం. యంత్రం లోగుట్టు తెలుసుకొని, దానిచేత ఎవరూ ఊహించని పనిని చేయించగల నేర్పరి అని దానికి అర్థం. కంప్యూటరు లోకంలో ఆ మాట ఆ అర్థంతో స్థిరపడడానికి మూలం ఒక బొమ్మరైళ్ల గది.

ఆ గదిలోకి ప్రవేశించడానికి ముందు బొమ్మరైలుకూ నమూనా రైలుకూ గల భేదాన్ని గుర్తించాలి. తీర్థంలో కొన్న తగరపు రైలును పిల్లవాడు తాడుకట్టి లాగుతాడు. దానికి రెండు చక్రాలున్నా, పది చక్రాలున్నా వాడి ఆనందానికి లోటు లేదు. నమూనా రైలు అలా కాదు. అది ఒక నిజమైన రైలుకు, ఒకానొక కాలంలో ఒకానొక మార్గంలో నడిచిన రైలుకు ప్రతిరూపం. పొగగొట్టం ఎత్తు, మెట్ల సంఖ్య, బోగీ తలుపు మీది రంగు, స్టేషను పేరు రాసిన బోర్డులో అక్షరాల తీరు, అన్నీ మూలంతో సరిపోవాలి. దానికి ఇల్లూ వాకిలీ కూడ కావాలి. గుట్టలు, వంతెనలు, గేటు దగ్గర నిలిచిన ఎడ్లబండి, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాడు, అంతా ఒక బల్ల మీద అమరాలి.

తెలుగువారికి ఈ భావం కొత్తది కాదు. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి బొమ్మల కొలువు తీర్చే ఇళ్లలో కొండపల్లి బొమ్మలతో ఊరికి ఊరే వెలుస్తుంది. పొణికి కర్రతో చెక్కిన తాటిచెట్టు, దాని మీద కల్లుగీసే మనిషి, పక్కన ఏనుగు అంబారీ అందులో కనిపిస్తాయి. అయితే ఆ కొలువులో తాటిచెట్టు కన్నా ఏనుగు పెద్దదైనా అడిగేవారుండరు. నమూనా రైళ్లవారు మొట్టమొదట అడిగేది ఆ ప్రశ్నే.

మన శిల్పులు కూడ ఒకప్పుడు ఆ ప్రశ్న అడిగినవారే. శిల్పశాస్త్రంలో తాళమానమనే కొలత ఉన్నది. ముఖం పొడవు ఒక తాళం. దేవతామూర్తి ఎత్తు తొమ్మిది తాళాలని నిర్ణయిస్తే ఆ విగ్రహం నవతాళ ప్రతిమ అవుతుంది. ఒక్కొక్క తాళాన్ని పన్నెండు అంగుళాలుగా విభజిస్తారు. ఆ అంగుళం విగ్రహాన్ని బట్టి మారుతుందే గాని, మూరకోలతో కొలిచే అంగుళం కాదు. అందువల్ల అరచేతిలో ఇమిడే మూర్తి అయినా, ఆలయ ద్వారమంత మూర్తి అయినా అవయవాల పొంతన ఒక్కటిగానే ఉంటుంది. నమూనా రైలుకు ప్రాణమైన ‘స్కేలు’ ఈ పొంతనకు దగ్గరి చుట్టమే.

ప్రపంచంలో ఎక్కువ ప్రచారంలో ఉన్న స్కేలును ‘హెచ్‌వో’ అంటారు. అందులో ప్రతి కొలతా మూలంలో 87వ వంతు. ఇరవైమూడున్నర మీటర్ల పొడవున్న నేటి ప్రయాణికుల బోగీ అందులో 27 సెంటీమీటర్లకు దిగుతుంది. అయిదున్నర అడుగుల మనిషి 19 మిల్లీమీటర్ల వాడవుతాడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే రైలు బల్ల మీద సెకనుకు 32 సెంటీమీటర్లు నడిస్తే చాలును. వినడానికి ఇదంతా సులువే. దూరం దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. సికింద్రాబాదు నుండి కాజీపేటకు 132 కిలోమీటర్లు. దానిని 87తో భాగిస్తే కిలోమీటరున్నర. అంటే ఒక్క కాజీపేట మార్గాన్ని నిజాయితీగా నిర్మించాలంటే అమీర్‌పేట నుండి పంజగుట్ట దాకా దాదాపుగా బల్లలు పరచవలసి వస్తుంది! అందుకే నమూనాకారుడు దూరాన్ని కుదిస్తాడు. రెండు స్టేషన్ల మధ్య ఉన్న చెరువులను, చేలను వదలి, స్టేషన్లను మాత్రం శ్రద్ధగా నిలుపుతాడు. ఏది వదలాలి, ఏది నిలపాలి అన్న వివేకంలోనే అతని ప్రజ్ఞ తెలుస్తుంది.

బరువు లెక్క మరీ విచిత్రమైనది. పొడవు 87వ వంతైతే ఘనపరిమాణం 87 ఘనంలో, అనగా 6,58,503లో ఒక వంతు అవుతుంది. భారతీయ రైల్వేలలో దశాబ్దాలపాటు పనిచేసిన డబ్ల్యూడీఎం–2 డీజిలు ఇంజను బరువు 112.8 టన్నులు. ఆ లెక్కన దాని నమూనా 171 గ్రాములు తూగాలి. అంత తేలిక ఇంజను పట్టాలను గట్టిగా పట్టుకోలేక జారిపోతుంది. నాలుగు బోగీలను లాగడానికే ఆయాసపడుతుంది. కనుక లోపల సీసపు ముక్కలు పెట్టి బరువు పెంచుతారు. కంటికి కనిపించే సత్యం కోసం కనిపించని చోట ఒక అసత్యాన్ని దాచవలసి వచ్చిందన్నమాట.

అయితే ఈ కళలో అసలు వివాదం పట్టాల వెడల్పు గురించి. రెండు పట్టాల లోపలి అంచుల నడుమ గల దూరాన్ని గేజి అంటారు. ఐరోపా, అమెరికాలలో ప్రధానమైన గేజి 1435 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే పదహారున్నర వస్తుంది. కనుక దుకాణాలలో దొరికే హెచ్‌వో పట్టాలన్నీ పదహారున్నర మిల్లీమీటర్లవే. బేగంపేట స్టేషనులో ఆగే రైళ్లవి బ్రాడ్‌గేజి పట్టాలు. వాటి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పందొమ్మిదింబావు. కొన్న పట్టాల మీద బేగంపేట రైలును నిలిపితే దాని కాళ్లు దగ్గరకు ముడుచుకున్నట్లు కనిపిస్తుంది. తేడా మూడు మిల్లీమీటర్లకు లోపే గాని, నిత్యం ఆ రైలును చూసిన కంటికి అది దాగదు.

ఇందులో ఒక తమాషా ఉన్నది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోకు 1435 మిల్లీమీటర్ల గేజిని ఎన్నుకున్నారు. కాబట్టి అమీర్‌పేట మెట్రో రైలు దుకాణపు పట్టాల మీద తు.చ. తప్పకుండ సరిపోతుంది. అక్కడికి కూతవేటు దూరంలో నడిచే ఎంఎంటీఎస్ రైలుకు మాత్రం పట్టాలు చేతితో వేసుకోవలసిందే. ఒకప్పటి మీటరుగేజి బళ్లకైతే 11.49 మిల్లీమీటర్లు కావాలి. విపణిలో దొరికే 12 మిల్లీమీటర్ల పట్టాలు దానికి ఇంచుమించు నప్పుతాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో వేసిన నారోగేజి వెడల్పు 762 మిల్లీమీటర్లు. దానికి 9 మిల్లీమీటర్ల పట్టాలు చాలా దగ్గరగా కుదురుతాయి. అంటే అంతరించిన రైళ్లకు పట్టాలు దొరుకుతున్నాయి గాని, నేడు నడుస్తున్న వాటికి దొరకడం లేదు!

ఈ ఇబ్బంది ఇంగ్లండు వారికీ వచ్చినదే. వారి ఇంజన్లు యూరపు ఇంజన్ల కన్నా చిన్నవి. తొలినాళ్లలో దొరికిన మోటారు ఆ చిన్న ఇంజను పొట్టలో పట్టలేదు. అందుచేత ఇంజనును కొంచెం పెద్దది చేసి, అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన కట్టి, పట్టాలను మాత్రం పదహారున్నర దగ్గరే ఉంచారు. న్యాయంగా అవి 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. మోటార్లు చిన్నవయ్యాయి, కాలం మారింది, పొరపాటు మాత్రం లక్షల ఇళ్లలో ప్రమాణంగా స్థిరపడింది. దానిని సహించలేని కొందరు 18.83 మిల్లీమీటర్ల పట్టాలను తామే తయారుచేసుకోసాగారు. తక్కినవారు ‘రైలు నడిస్తే చాలదా?’ అన్నారు. సంఘాల సమావేశాలలో ఈ వాదం నేటికీ తెగలేదు. రెండు పక్షాలలోనూ న్యాయం ఉన్నది. కచ్చితత్వం కోసం పట్టుబట్టినవాడికి ఒక్క స్టేషను పూర్తయ్యేసరికి పదేళ్లు పడుతుంది. సర్దుకున్నవాడు ఈలోగా నాలుగు ఊళ్లు కట్టి రైళ్లు నడుపుకుంటాడు.

ఇంతవరకు చెప్పినదంతా బల్ల పైని ముచ్చట. సందర్శకులు చూసి మెచ్చుకునేది దీనినే. బల్ల కింద మరొక లోకమున్నది.

నమూనా ఇంజనులోని మోటారుకు విద్యుత్తు పట్టాల ద్వారానే అందుతుంది. ఒక పట్టా ధనం, రెండవది ఋణం, సాధారణంగా 12 వోల్టులు. వాటిని తారుమారు చేస్తే రైలు వెనుకకు నడుస్తుంది. మార్గం చుట్టుతిరిగి వచ్చి తననే కలుసుకునే చోట ఎడమ పట్టా నేరుగా పోయి కుడి పట్టాను తాకుతుంది. ధనఋణాలు కలిసి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కొత్తగా ఈ విద్యలో దిగినవారిలో ఈ వల్లో చిక్కనివారు అరుదు. అక్కడ పట్టాలను కోసి, ఎడం వదలి, ఆ ముక్కకు వేరే స్విచ్చి అమర్చాలి.

రెండు రైళ్లు వచ్చేసరికి కష్టం రెండింతలు కాదు, పదింతలవుతుంది. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లను నిలిపి మీట తిప్పితే రెండూ ఒకేసారి కదులుతాయి. ఒకదానిని నిలిపి మరొకదానిని నడపాలంటే మార్గమంతటినీ విడివిడి ఖండాలుగా కోయాలి. నలభై ఖండాలు, అయిదుగురు చోదకులు ఉన్నారనుకుందాం. ఏ చోదకుడి మీట ఏ క్షణాన ఏ ఖండంతో కలవాలో నిర్ణయించడానికి రెండు వందల సంబంధాలు సిద్ధంగా ఉండాలి. రైలు ముందుకు పోయే కొద్దీ వెనుక ఖండాన్ని విడిచి, ముందు ఖండాన్ని పట్టాలి. ఇద్దరికి ఒకే ఖండం దక్కరాదు. ఆలోచించి చూస్తే ఇది టెలిఫోను ఎక్స్ఛేంజి చేసే పనే. పిలిచేవారు కొందరు, పలికేవారు కొందరు. ఎవరిని ఎవరితో కలపాలో, ఎవరి మాటలో ఎవరూ అడ్డురాకుండ ఎలా చూడాలో ఎక్స్ఛేంజిలోని రిలేలు నిర్ణయిస్తాయి.

ఈ పోలికను గుర్తించినవారు అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు. ఎంఐటీ అనే పొడి పేరుతో అది సుప్రసిద్ధం. అక్కడ 1946లో ‘టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్’ అనే సంఘం ఏర్పడింది. దాని గది యుద్ధకాలంలో రాడారు పరిశోధన కోసం హడావుడిగా కట్టిన ‘ఇరవయ్యో నంబరు భవనం’ అనే కొయ్య కట్టడంలో ఉండేది. ఆ గదిలో రెండు వర్గాలవారు ఉండేవారని ఆ చరిత్ర రాసిన స్టీవెన్ లెవీ చెబుతాడు. ఒక వర్గానికి రైళ్లంటే ప్రాణం. వారు ఇంజన్లకు రంగులు వేసేవారు. కొండలు, ఊళ్లు తీర్చేవారు. పాత మార్గాలను వెతుక్కుంటూ యాత్రలు చేసేవారు. రెండవ వర్గం బల్ల కింద ఉండేది. ‘సిగ్నల్స్ అండ్ పవర్’ అనే ఉపసంఘం వారిది. టెలిఫోను కంపెనీ దానంగా ఇచ్చిన రిలేలతో, స్విచ్చులతో వారు తీగల అడవినొకదానిని పెంచారు. బల్ల పైన ఏ రైలు నడుస్తున్నదో వారిలో కొందరికి పట్టింపే లేదు. అది ఎందుకు నడుస్తున్నదన్నదే వారి ధ్యాస. సభ్యుడుగా చేరిన విద్యార్థి నలభై గంటలు పనిచేసిన పిమ్మట గాని గది తాళంచెవి అతనికి దక్కేది కాదు.

ఒక చిక్కును తెలివైన అడ్డదారిలో విడదీస్తే దానిని వారు ‘హ్యాక్’ అనేవారు. ఆ విద్యాసంస్థలో విద్యార్థులు చేసే చిలిపి సాహసాలకు అంతకు ముందే ఆ పేరు ఉన్నది. రైళ్ల గదిలో దానికి పనితనం అనే అర్థం తోడయింది. తమలో తాము వాడుకునే ఇటువంటి మాటలతో సభ్యుడైన పీటర్ శాంసన్ 1959లో ఒక చిన్న నిఘంటువే కూర్చాడు. నిఘంటు రచన అనగానే తెల్లగడ్డపు పండితులను తలచుకునే వారికి ఇది కొంత వింతగా తోచవచ్చు.

అది కంప్యూటర్లు అద్దాల గదులలో, కాపలాదారుల నడుమ ఉండే కాలం. విద్యార్థికి వాటిని తాకే భాగ్యం లేదు. రంధ్రాలు పొడిచిన అట్టముక్కలను కాపలాదారు చేతికిచ్చి, ఫలితం కోసం మరునాటి దాకా వేచి ఉండవలసిందే. 1958లో టీఎక్స్–0 అనే ట్రాన్సిస్టర్ల కంప్యూటరు ఆ విద్యాసంస్థకు చేరింది. దాని ముందు మనిషి స్వయంగా కూర్చోవచ్చు. తప్పు చేస్తే అప్పటికప్పుడే దిద్దుకోవచ్చు. పగలు పరిశోధకులు వాడుకొని వెళ్లగా రాత్రివేళ అది ఖాళీగా ఉండేది. బల్ల కింది విద్యార్థులు ఆ వేళ కోసం కాచుకొని కూర్చునేవారు. రిలే మూసుకుంటే ఒకటి, తెరుచుకుంటే సున్న. ఇది జరిగి అది జరగకుంటే రైలును వదులు. ఈ తర్కం వారి చేతివేళ్లకు అప్పటికే తెలుసు. యంత్రం మారింది గాని ఆలోచన మారలేదు.

1961లో అక్కడికి పీడీపీ–1 అనే మరొక కంప్యూటరు వచ్చింది. మరుసటి ఏడు, 1962లో, ఆ సంఘంలోని స్టీవ్ రసెల్ ప్రధాన కర్తగా ‘స్పేస్‌వార్’ అనే ఆట సిద్ధమైంది. తెర మీద రెండు నౌకలు ఒక నక్షత్రం చుట్టూ తిరుగుతూ పోరాడుతాయి. కంప్యూటరు ఆటలలో తొలితరం నాటిది అది. ఆడేవారు యంత్రం మీది స్విచ్చులు నొక్కి నొక్కి మోచేతులు నొప్పిపుట్టగా, అలన్ కోటాక్, బాబ్ సాండర్స్ అనే సభ్యులు రైళ్ల గదికి పోయి అక్కడ దొరికిన సరంజామాతో చేతిలో పట్టుకునే మీటల పెట్టెలను తయారుచేసి తెచ్చారు. నేటి యువకులు వీడియో ఆటలలో పట్టుకునే కంట్రోలరుకు పూర్వజన్మ ఆ పెట్టె. కోటాక్ తరువాతి కాలంలో పీడీపీ–10 అనే ప్రసిద్ధ కంప్యూటరు రూపశిల్పులలో ముఖ్యుడయ్యాడు.

అయితే బల్ల పైనివారు తక్కువవారని ఇందువల్ల అనుకోరాదు. వారు చేసే పనికి వేరొక విలువ ఉన్నది. లండనులో 1910లో ఏర్పడిన ‘మోడల్ రైల్వే క్లబ్’ ఈ సంఘాలలో అతి ప్రాచీనమైనదిగా పేరొందింది. కింగ్స్‌క్రాస్ స్టేషనుకు సమీపంలో ఆ సంఘానికి 1960 నుండి సొంత భవనం ఉన్నది. ఆ భవనానికి పక్కనే ఉన్న ప్రాంతాన్ని, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అది ఎట్లుండెనో అట్లే, ‘కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్’ అనే పేరుతో సభ్యులు దశాబ్దాలుగా నిర్మిస్తున్నారు. స్కేలు అడుగుకు 2 మిల్లీమీటర్లు. ఆనాటి గోదాములు, పశువుల సంత, పొగచూరిన ఇళ్ల వరుసలు చాలామటుకు నేల మీద లేవు; బల్ల మీద ఉన్నాయి. పాత పటాలు, ఛాయాచిత్రాలు, ముసలివారి జ్ఞాపకాలు పోగుచేసి, ఇంటికి ఎన్ని కిటికీలో తేల్చుకొని గాని వారు అట్టను కోయరు.

ఈ దృష్టితో చూస్తే హైదరాబాదులో చేయవలసిన పని ఎంతో ఉన్నది. నిజాం రాజ్యానికి తొలి రైలు 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు వచ్చింది. పందొమ్మిదవ శతాబ్దం ముగిసి ఇరవయ్యవ శతాబ్దం మొదలయ్యే రోజులలో గోదావరి లోయ మీదుగా మన్మాడుకు మీటరుగేజి మార్గం పడింది. 1916లో గుమ్మటాలతో, మినార్లతో కాచిగూడ స్టేషను వెలసింది. ఆ భవనం నేటికీ కన్నుల పండువుగా ఉన్నది. దాని ముందు నిలిచిన మీటరుగేజి బళ్లు మాత్రం లేవు. బ్రాడ్‌గేజిగా మార్చే పనులు సాగగా ఆ చిన్న పట్టాలు నగరం నుండి తొలగిపోయాయి. బోగీలో ఎదురెదురు బల్లల మధ్య ఎంత ఎడం ఉండేది, నీటి స్తంభం ఎక్కడ ఉండేది, సిగ్నలు చెయ్యి ఏ కోణంలో వాలేది అన్నవి ఉద్యోగ విరమణ చేసిన రైల్వేవారిని అడిగి తెలుసుకోవలసిన విషయాలు. వారి వయస్సు పెరుగుతున్నది. మెట్రోను నమూనాగా చేయడానికి రేపు కూడ వీలుంటుంది. ఆ బండిని చేయడానికి ఎక్కువ కాలం లేదు. మహారాష్ట్రలోని పుణే నగరంలో బి. ఎస్. జోషీ అనే ఆయన ఒక్క జీవితకాలపు శ్రమతో నిర్మించిన చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998లో తెరుచుకున్నది. హైదరాబాదు విద్యార్థి ఒక రాత్రి ప్రయాణం చేసి దానిని చూసి రావచ్చు.

ఒక్కడి శ్రమకు ఒక ప్రమాదం కూడ ఉన్నది. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన జాన్ ఆలెన్ తన ఇంటి నేలమాళిగలో నిర్మించిన కొండల మార్గం ఆ దేశపు నమూనాకారులందరికీ ఆదర్శంగా ఉండేది. 1973 జనవరిలో ఆయన మరణించాడు. కొద్దిరోజులకే ఇంట్లో మంటలు చెలరేగి ఆ నిర్మాణం చాలావరకు బుగ్గయింది. ఎంఐటీవారి కొయ్య భవనాన్ని 1998లో పడగొట్టారు. అక్కడి నమూనా కూడ పోయింది. కాని సంఘం వేరొక భవనానికి తరలి, కొత్త బల్లలు వేసి, మళ్లీ మొదలుపెట్టింది. తీగ ఎక్కడ ఎందుకు కలపాలో తెలిసినవారు పదిమంది మిగిలి ఉన్నారు.

గది లేని సంఘాల సంగతి వేరు. బంజారాహిల్స్‌లోనో పంజగుట్టలోనో ఒక అపార్ట్‌మెంటును తలచుకుంటే ఇబ్బంది అర్థమవుతుంది. పన్నెండడుగుల హాలులో మనుషులు తిరగాలా, రైళ్లు తిరగాలా? హెచ్‌వోలో 24 బోగీల ఎక్స్‌ప్రెసు ఒక్కటే ఆరు మీటర్ల పైచిలుకు. ఇటువంటి ఇళ్లవారి కోసం 1970లలో కాలిఫోర్నియాలో ‘ఎన్‌ట్రాక్’ అనే పద్ధతి వచ్చింది. స్కేలు 160వ వంతు, పట్టాలు 9 మిల్లీమీటర్లు. ప్రతి సభ్యుడూ నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల ఒక పలకను తన ఇంట్లో తయారుచేసుకుంటాడు. దాని మీద ఏ ఊరు కట్టినా, ఏ ఋతువు చూపినా అతని ఇష్టం. నియమమంతా అంచుల దగ్గరే. పట్టాల ఎత్తు నేల నుండి 40 అంగుళాలు. ముందువైపు మూడు మార్గాలు నిర్ణీత స్థానాలలో ముగియాలి. తీగల కొసలు ఒకే రకంగా ఉండాలి. సమావేశం నాడు పలకలన్నీ తెచ్చి అంచుకు అంచు చేర్చి బిగిస్తారు. ఇటువంటి సంఘాలలో అనేకం నెలకొకసారి కలుస్తాయి. ఒకరి ఎడారి చివర మరొకరి వరిచేను మొదలవుతుంది. పోచంపల్లి చీర అంచు రంగులు కుదిరినట్లు అవి కుదరవు. ఎవరూ కుదరాలని కోరరు. పట్టాలు మాత్రం వెంట్రుకవాసి తప్పకూడదు. తప్పితే తప్పు చేసినవాడి పలక మీద కాక, పక్కవాడి పలక మీద రైలు పడిపోతుంది. అందుచేత మొదటి గంటంతా పట్టకార్లతో, మట్టపు గొట్టంతో అతుకుల దగ్గరే గడుస్తుంది.

ఆ తరువాత టైంటేబులు పంచుతారు. ఒకరు సెక్షను కంట్రోలరు, ఇద్దరు ముగ్గురు స్టేషను మాస్టర్లు, తక్కినవారు డ్రైవర్లు. దూరం కుదిరినప్పుడు కాలమూ కుదరాలి గనుక గోడ మీద వేగంగా తిరిగే ప్రత్యేక గడియారాన్ని పెట్టే సంఘాలున్నాయి. అది నాలుగింతల వేగంతో నడిస్తే ఆరు గంటలలో ఒక పగలూ ఒక రాత్రీ ముగుస్తాయి. కంట్రోలరు అనుమతి లేనిదే రైలు ముందుకు సాగదు. గూడ్సును లూపులైనులోకి మళ్లించి ఎక్స్‌ప్రెసుకు దారి ఇవ్వాలి. నిన్న మొన్నటి దాకా మాటకు మాట అప్పగించిన యువకుడు ఇక్కడ ఎరుపు చూసి నోరు మెదపక నిలబడతాడు. 1990లలో ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చి, పట్టాల ద్వారానే దానికి సంకేతాలు పంపే పద్ధతి వచ్చాక బల్ల కింది ఖండాల తీగలు చాలా తగ్గాయి. అడవి వంటి ఆ రిలేల పని ఇప్పుడు ఇంజను పొట్టలోని గోరంత చిప్పు చేస్తున్నది.

గడియారంలో అర్ధరాత్రి కాగానే ఆఖరి బండి షెడ్డుకు చేరుతుంది. అప్పటికి బయట నిజమైన సాయంత్రం. చీలలు విప్పుతారు. తీగల కొసలు చుట్టి కడతారు. వరిచేను ఒక కారులో, ఎడారి మరొక కారులో, వంతెన ఎవరి భుజం మీదనో ఇళ్లకు బయలుదేరుతాయి. కంట్రోలరు చేతిలో మిగిలిన కాగితం మీద, ఆలస్యంగా నడిచిన రైలుకు ఎదురుగా, ఏ అతుకు దగ్గర అది పడిపోయిందో పెన్సిలుతో రాసి ఉంటుంది.

అభ్యాసం

1. బొమ్మల కొలువుకూ నమూనా రైల్వేకూ గల సామ్య భేదాలను వివరించండి.
2. ఖండాల సమస్యను టెలిఫోను ఎక్స్ఛేంజితో పోల్చడం ఎంతవరకు సమంజసం?
3. ‘హ్యాక్’ అనే మాటకు అర్థం మారిన తీరును తెలపండి. ఇటువలె అర్థం మారిన రెండు తెలుగు మాటలను పేర్కొనండి.
4. మీ ఊరి స్టేషను ప్లాట్‌ఫారం పొడవును అడుగులతో కొలిచి, 87వ వంతున అది ఎంత అవుతుందో లెక్కకట్టండి. మీ ఇంట్లో అది ఎక్కడ పడుతుంది?